ఎంగిలని చెప్పి పెట్టినవాడు

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో లక్ష్మీ నగర్ దగ్గర ఎక్కి నది వైపు వెళ్తే యమునా బ్యాంక్, ఇంద్రప్రస్థ, సుప్రీంకోర్టు స్టేషన్లు వరసగా వస్తాయి. రోడ్డున వెళ్లేవాళ్లకు వికాస్ మార్గ్ యమునను దాటించి ఐటీఓ దగ్గర దింపుతుంది. అక్కడ ఇంద్రప్రస్థ మార్గ్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. అదే రోడ్డులో భారతీయ వైద్య సంఘం భవనం. కాస్త దూరంలో కోట్లా రోడ్డు మీద ఎఫ్‌డీఏ భవన్. ఏ మందును ఏ జబ్బుకు అమ్మవచ్చో తేల్చే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఉన్నది అందులోనే. మందును అనుమతించేవారు, మందు రాసేవారి సంఘం, రాసిన చేతిని తప్పుపట్టగల న్యాయస్థానం, ముగ్గురూ లక్ష్మీ నగర్‌కు ఏటి అవతల కూతవేటు దూరంలో ఉన్నారు.

ఏటికి ఇవతల ఉన్నది సీఏ చదివే పిల్లలు. మెట్రో మెట్లు దిగితే ర్యాంకర్ల ఫొటోలతో కోచింగ్ బోర్డులు, సందుల్లో పీజీ గదులు, జిరాక్స్ షాపులు. పరీక్షల నెల వచ్చిందంటే ఇక్కడ రాత్రికీ పగటికీ తేడా ఉండదు.

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. పుస్తకం తెరిస్తే కునుకు ఆగదు, పరీక్ష తలచుకుంటే గుండె దడ. డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన రెండు మాత్రలు రాశాడు. ఒకటి మోడాఫినిల్, రెండోది ప్రొప్రనలాల్. రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"దేనికి నాన్నా ఆ మాత్రలు?"

"నిద్ర రాకుండా ఒకటి, దడ తగ్గడానికి ఒకటి అమ్మా."

"నీ ఉబ్బసం సంగతి ఆయనకు చెప్పావా?"

కుర్రాడు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఈ ఊహలోని డాక్టరు దుర్మార్గుడు కాడు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి కష్టం చూసి, తనకు తెలిసిన ఉపాయం చెప్పాడు. కానీ మోడాఫినిల్‌కు అమెరికా 1998లో అనుమతి ఇచ్చింది నార్కొలెప్సీ అనే అతినిద్ర జబ్బుకు. తర్వాత నిద్రలో ఊపిరి ఆగే రోగం ఉన్నవారికీ, రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర చెడినవారికీ దాన్ని విస్తరించారు. ఐరోపా మందుల సంస్థ 2010లో అవన్నీ తీసేసి, మళ్లీ నార్కొలెప్సీకే పరిమితం చేయమంది. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థి రాత్రంతా మెలకువగా ఉండడం ఆ జాబితాల్లో ఎన్నడూ లేదు. అరుదుగానైనా ఒంటిమీది చర్మం ఊడివచ్చేంత ప్రమాదకరమైన వికటింపు ఆ మందుతో వస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిల్లో వాటి బలాన్ని అది తగ్గిస్తుంది. ఇక ప్రొప్రనలాల్ సంగతి మరీ విచిత్రం. ఆందోళనతో వచ్చే దడకు బ్రిటన్ లేబుల్ దాన్ని ఒప్పుకుంటుంది, అమెరికా లేబుల్‌లో ఆ మాటే లేదు. అదే మాత్ర, అదే దడ. లండన్‌లో గీతకు లోపల, న్యూయార్క్‌లో గీతకు బయట. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం రెండు దేశాలూ వద్దనే అంటాయి.

అనుమతి ఉన్న జబ్బుకు కాక మరోదానికి, లేదా అనుమతి ఉన్న వయసు, మోతాదు దాటి మందు రాయడాన్ని ఆఫ్‌లేబుల్ అంటారు. లేబుల్ ప్రకృతి గీసిన గీత కాదు. కంపెనీ ఫలానా జబ్బుకని దరఖాస్తు పెట్టి, ఆధారాలు చూపి, ప్రభుత్వాన్ని ఒప్పించిన మేరకే దాని హద్దు. పేటెంటు తీరిపోయిన చవక మందుకు కొత్త ఉపయోగం బయటపడితే, మళ్లీ కోట్లు పోసి పరీక్షలు చేయించే కంపెనీ దొరకడం కష్టం. పసిపిల్లల మీద, గర్భిణుల మీద పరీక్షలు చేయడానికి అందరూ జంకుతారు కాబట్టి, వాళ్లకు వాడే మందుల్లో చాలావాటి లేబుల్‌పై వాళ్ల ఊసే ఉండదు. నెలలు నిండని శిశువులను కాపాడే వార్డులో లేబుల్ దాటనంటూ భీష్మించుకునే వైద్యుడు చేతులు కట్టుకుని నిలబడాల్సివస్తుంది. అమెరికాలో 2001 నాటి మందులచీటీలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 21 శాతం లేబుల్ దాటినవేనని తేలింది. వాటిలో 73 శాతానికి గట్టి ఆధారం లేదు. మొదటి సంఖ్య చూసి ఎవరూ ఉలిక్కిపడనక్కర్లేదు. భయపెట్టేది రెండోది.

భారతదేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మందు తయారీనీ అమ్మకాన్నీ కట్టడి చేస్తుంది. 2019 నాటి కొత్త మందుల నియమాల ప్రకారం పాత మందును కొత్త ఉపయోగానికి అమ్మదలచుకున్న కంపెనీ దాన్ని కొత్త మందుగా భావించి మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. ఇవి తయారీదారు చేతికి వేసిన కట్లు. డాక్టరు కలానికి అంత సూటిగా వేసిన కట్టు లేదు. చట్టం వదిలేసిన ఆ ఖాళీ జాగాలో డాక్టరు తన మనస్సాక్షితో ఒంటరిగా నిలబడతాడు. అందుకే ఇది మొదట ధర్మానికి సంబంధించిన ప్రశ్న. పూర్తిగా తెలియని చోట, ఇంకొకరి ప్రాణం మీద పని చేసే హక్కు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంద్రప్రస్థ అన్న పేరు మోసే ఈ ప్రాంతం ఒకప్పటి కురుదేశం. ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో కురుదేశంలోనే జరిగిన చిన్న కథ ఉంది. వడగళ్ల వల్లనో మిడతల వల్లనో పంట నాశనమై కరవు వచ్చింది. ఉషస్తి చాక్రాయణుడనే పండితుడు భార్యతో దేశం తిరుగుతూ ఏనుగులవాళ్ల ఊరు చేరాడు. ఆకలితో చచ్చిపోయే స్థితి. అక్కడ ఒకడు గుగ్గిళ్లు తింటున్నాడు. ఉషస్తి చేయి చాచాడు. తన ముందు పెట్టుకుని తింటున్నవి తప్ప వేరే లేవని అతడు చెప్పాడు, అంటే అవి ఎంగిలి. ఫర్వాలేదు, అవే పెట్టమన్నాడు ఉషస్తి. తిన్నాడు. ఆ తర్వాత అతడు తాను తాగుతున్న నీళ్లు ఇవ్వబోతే, ఎంగిలి నీళ్లు వద్దన్నాడు. గుగ్గిళ్లు మాత్రం ఎంగిలివి కావా అని అతడు అడిగాడు. అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదు, నీళ్లంటావా, కావలసినన్ని దొరుకుతాయి అని ఉషస్తి జవాబు.

ఆపద్ధర్మం మీద ఇంతకంటే సూటి పాఠం మన వాఙ్మయంలో దొరకడం కష్టం. నియమం దాటడానికి అక్కడ ఒక్కటే కారణం చెల్లింది: వేరే దారి లేకపోవడం. ఆ కారణం గుగ్గిళ్లతోనే సరి, పక్కనే ఉన్న నీళ్లకు కూడా వర్తించలేదు. ఒకసారి గీత దాటినవాడికి అన్ని గీతలూ చెరిగిపోవు.

మన కుర్రాడి విషయంలో ఇది అక్షరాలా పనికొస్తుంది. కునుకు ఆపడానికి రాత్రి ఆరు గంటల నిద్ర, మధ్యాహ్నం కాసేపు నడక ఉన్నాయి. అవి ఏ ఏట్లోనైనా దొరికే నీళ్లు. మోడాఫినిల్ అక్కడ గుగ్గిళ్లు కాదు.

కథలో మరో రెండు సంగతులున్నాయి, వాటినే ఎక్కువమంది దాటేస్తారు. ఏనుగులవాడు తన దగ్గరున్నవి ఎంగిలివని దాచలేదు. తెలిసి తిన్నది ఉషస్తి, తినాలని నిర్ణయించుకున్నదీ ఉషస్తే. ప్రాణం అతడిది, గీత దాటిన పాపమేదైనా ఉంటే అదీ అతడిదే. క్లినిక్‌లో ఈ రెండూ విడిపోతాయి. నిర్ణయించేది ఒకరు, మింగేది మరొకరు. ఇంకొకరి కడుపు కోసం ఆపద్ధర్మాన్ని ఉపయోగించే డాక్టరు ముందు ఆ మనిషికి అవి ఎంగిలివని చెప్పి తీరాలి. లేకపోతే ఆ హక్కే పుట్టదు. ఈ వ్యాసం నిలబడేది ఈ ఒక్క మాట మీద.

ఉషస్తి కథ అక్కడితో ఆగలేదు. మర్నాడు రాజు చేస్తున్న యాగానికి వెళ్లి, సామగానం చేయబోతున్న ఋత్విక్కులను ఆపాడు. తాము పాడేదానికి దేవత ఎవరో తెలియకుండా పాడితే తల రాలిపడుతుందని హెచ్చరించాడు. వాళ్లు నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ దేవతలెవరో తర్వాత ఆయనే చెప్పాడు, మొదటిది ప్రాణం. ముందురోజు ఎంగిలి తిన్నవాడే మర్నాడు తెలియకుండా చేసే పనిని అంత కఠినంగా అడ్డుకున్నాడు. ఆయన దృష్టిలో ఎంగిలి తినడం క్షమించదగ్గదే. తెలియకుండా పాడడానికి క్షమ లేదు.

ఈ తేడా తెలియాలంటే భీమవరం బిడ్డ కథ చూడాలి. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుజబ్బుకు పోగొట్టుకున్నాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేస్తూ, ఆ విటమిన్‌కు ఎదురుతిరిగే అణువులను తన బృందంతో తయారు చేయించాడు. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మంది కొంతకాలం కోలుకున్నారని 1948 జూన్‌లో ప్రకటించాడు. రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ మందుల కుటుంబానికి చెందినదే మెథోట్రెక్సేట్.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 1956 ప్రాంతంలో మిన్ చియూ లీ అనే వైద్యుడు గర్భసంచిలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వాడాడు. గడ్డలు కనపడకుండా పోయాయి. అందరూ ఆపేస్తారు, ఆయన ఆపలేదు. మూత్రంలో ఒక హార్మోను ఇంకా కనిపిస్తోందనీ, అంటే క్యాన్సర్ లోపలెక్కడో దాగుందనీ ఆయన వాదన. రోగులను అనవసరంగా విషంతో బాధపెడుతున్నాడని సంస్థ ఆయన్ను పంపేసింది. కాలం గడిచాక చూస్తే, ఆ హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఇచ్చినవాళ్లే బతికారు. 1972లో ఆయనకు లాస్కర్ పురస్కారం వచ్చింది. డాక్టరు గీత దాటితే ఉద్యోగం పోతుందనడానికి ఇదొక ఉదాహరణ. కానీ గుర్తుంచుకోవలసింది, లీ గుడ్డిగా పోలేదు. చేతిలో ఒక కొలత ఉంది, దాన్ని వారం వారం చూశాడు. తాను పాడుతున్నదానికి దేవత ఎవరో ఆయనకు తెలుసు.

అదే మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి అమెరికా ఆమోదించింది 1988లో. అంతకు ముందు ఎన్నో ఏళ్లు వైద్యులు లేబుల్ దాటే రాశారు. గర్భసంచి బయట నిలిచిన గర్భానికి కోత లేకుండా అదే మందు వాడడం 1982లో జపాన్‌లో మొదలై లోకమంతా పాకింది. ఆ మందుకు రెండో ముఖమూ ఉంది. కీళ్లవాతానికి దాన్ని వారానికొకసారి వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ఎముకమజ్జ దెబ్బతిని చనిపోయినవారి కథలు ప్రతి దేశపు వైద్య సాహిత్యంలోనూ ఉన్నాయి. చీటీలో "వారానికి" అన్న ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పామా లేదా అన్నదాని మీద ప్రాణం వేలాడుతుంది.

లెట్రొజోల్ కథ మన దేశానిది, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందిన మందు అది. అండం విడుదల కాని స్త్రీలకు అది పనికిరావచ్చని 2001లో కెనడా వైద్యులు ఇద్దరు రాశారు. రెండేళ్లలో మన దేశంలో ఒక కంపెనీ దాన్ని సంతానం కోసం వాడమని గైనకాలజిస్టులకు ప్రచారం చేసిందన్న సంగతి బయటికొచ్చి దుమారం లేచింది. ఆ ఉపయోగానికి అప్పటికి అనుమతి లేదు. వందలాది స్త్రీలపై వాడి వచ్చిన అనుభవాన్నే ప్రచారానికి ముడిసరుకు చేసుకున్నారన్న ఆరోపణ. 2005లో ఒక సదస్సులో చదివిన చిన్న అధ్యయనం పుట్టే బిడ్డల్లో లోపాలు రావచ్చని భయపెట్టింది. మరుసటి ఏడాది 911 మంది శిశువులను చూసిన అధ్యయనంలో ఆ భయం నిలబడలేదు. 2007లో ఢిల్లీ అనుమతి ఇచ్చింది. 2011 అక్టోబరులో అదే ఢిల్లీ ఆ ఉపయోగాన్ని నిషేధించింది. ఔషధ నియంత్రణ సంస్థ పనితీరును 2012 మేలో పార్లమెంటు స్థాయీ సంఘం తన 59వ నివేదికలో చీల్చిచెండాడింది.

మలుపు వచ్చింది 2014లో. అమెరికాలో పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న 750 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో లెట్రొజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతానికి బిడ్డలు పుట్టారు, పాత మందు క్లోమిఫిన్ తీసుకున్నవారిలో 19.1 శాతానికి. 2017లో మన ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని మొదటి మందుగా నిలబెట్టాయి.

2003లో ఆ మాత్ర రాసిన డాక్టరు సరైన పని చేసినట్టా? ఫలితం చూస్తే అవుననాలి. ఇక్కడే మన బుద్ధి జారిపోతుంది. కళ్లకు గంతలు కట్టుకుని వేసిన బాణం చేపకన్నుకు తగిలితే అది అర్జునుడి విద్య అనిపించుకోదు. 2003లో రాసిన చేయి, 2018లో రాసిన చేయి ఒకే అక్షరాలు రాసినా ఒకే పని చేయలేదు. మధ్యలో 750 మంది స్త్రీలు, తాము పరీక్షలో ఉన్నామని తెలిసి, సంతకం పెట్టి ఇచ్చిన జ్ఞానం ఉంది. 2003 నాటి స్త్రీలలో తమ మీద ఒక ప్రశ్న పరీక్షిస్తున్నారని ఎంతమందికి తెలుసు?

వెయ్యిమందిని చంపితే అరవైద్యుడు అని మన సామెత. నవ్వుకుంటూ వాడతాం గానీ, అందులో దారుణమైన నిజం ఉంది. వైద్యుడి జ్ఞానానికి ధర చెల్లించేది రోగి. ఆ ధర ఎవరు కట్టారో, వాళ్లకు చెప్పి కట్టించారా అన్నది నాగరికతకు పరీక్ష. మలేరియా మందు క్వినాక్రిన్‌ను గుళికలుగా చేసి స్త్రీల గర్భసంచిలో పెట్టి సంతానం కలగకుండా చేసే పద్ధతి ఒకటుండేది. వియత్నాంలో 31,781 మందిపై వాడామని 1993లో ప్రచురించారు. మన దేశంలోనూ అది పాకింది. ఢిల్లీలోని జేఎన్‌యూ సామాజిక వైద్య విభాగం ఆచార్యులు, ఐద్వా మహిళా సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1998లో నిషేధం వచ్చింది. ఆ స్త్రీలు పేదవాళ్లు. వాళ్లకు ఎంగిలని ఎవరూ చెప్పలేదు.

తెలుగునేల మీద 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. అది అనుమతి ఉన్న టీకాయే, కాబట్టి ఆఫ్‌లేబుల్ కాదు. తర్వాత జరిగిన మరణాలకూ టీకాకూ సంబంధం లేదని విచారణలో తేలింది. అయినా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది, 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. చాలా సమ్మతి పత్రాల మీద ఉన్నవి తల్లిదండ్రుల సంతకాలు కావు, హాస్టల్ వార్డెన్లవి. మందు మంచిదైనా, సమ్మతి దొంగదైతే ఏం జరుగుతుందో భద్రాచలం చుట్టుపక్కల గిరిజన కుటుంబాలకు తెలుసు.

ఇక డాక్టరుకు ఎదురయ్యే ముప్పు. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఆ కేసులో పోరాడి ఓడింది ఇంద్రప్రస్థ మార్గ్‌లోని వైద్య సంఘమే. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు వైద్యులకు కొంత ఊపిరినిచ్చింది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప క్రిమినల్ కేసు కూడదనీ, ముందు స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే వైద్యుడికి రెండేళ్ల వరకు జైలు. లేబుల్ దాటడం ఒక్కటే నేరమని కోర్టులు అనవు. తోటి వైద్యుల్లో బాధ్యత గలవారు అలా చేస్తారా, ఆధారం ఏమిటి అని అడుగుతాయి. ఆ ప్రశ్నకు జవాబు కేస్‌షీటులో లేకపోతే, ఎంత మంచి డాక్టరైనా ఉత్తచేతులతో నిలబడాలి.

2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో ఇచ్చిన తీర్పు ఇంకాస్త లోతుకు పోయింది. కడుపులో ఏముందో చూడడానికి మత్తిచ్చిన 44 ఏళ్ల స్త్రీకి, బయట కూర్చున్న ఆమె తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేలు కోరే చేశామన్న వాదన సమ్మతి లోటును పూడ్చలేదని కోర్టు తేల్చింది. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం లేనప్పుడు, మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. ప్రత్యామ్నాయాలు, ముప్పులు చెప్పి తీసుకున్నదే సమ్మతి. ఉషస్తి నీళ్లు వద్దన్న తర్కానికీ, ఈ తీర్పుకూ చుట్టరికం ఉంది. ఆగడానికి వీలున్నప్పుడు ఆగకపోవడమే తప్పు.

చాలామంది సత్పురుషులైన వైద్యులు ఇక్కడ భగవద్గీతను అడ్డుపెట్టుకుంటారు. కర్మ నాది, ఫలం భగవంతుడిది అంటారు. వింటే వినయంలా ఉంటుంది. ఆ బోధ విడిచిపెట్టమన్నది తనకు దక్కే ఫలం మీది ఆశను. రోగికి ఏమవుతుందో తెలుసుకునే బాధ్యతను వదిలేయమని అది ఎక్కడా చెప్పలేదు. కృష్ణుడు అర్జునుడికి ముందు జ్ఞానం చెప్పి, చివరికి ఆలోచించుకుని నీకు తోచినట్టు చేయమని నిర్ణయాన్ని అతడికే వదిలాడు. విశ్వరూపం చూపగలిగినవాడే ఎదుటివాడి సమ్మతి కోసం ఆగితే, పది నిమిషాల ఓపీలో డాక్టరు ఆగలేననడం తగదు.

వేరే దారి లేనప్పుడు కూడా చెప్పి తీరాలా? అహ్మదాబాద్‌లో 2016 జనవరిలో కంట్లో అవాస్టిన్ ఇంజెక్షన్ చేయించుకున్న 15 మంది చూపు దెబ్బతింది. పెద్దపేగు క్యాన్సర్‌కు తయారైన మందు అది. 2005లో మయామీలో ఒక వైద్యుడు దాన్ని సూక్ష్మ మోతాదులో కంట్లోకి ఇచ్చి చూశాడు. కంటికనే తయారైన ఖరీదైన మందుతో సమానంగా పనిచేస్తుందని 2011లో పెద్ద పరీక్ష తేల్చింది. అహ్మదాబాద్‌లో వాడినది నకిలీదన్న అనుమానం రేగింది. ఔషధ నియంత్రణ అధికారి కంట్లో వాడవద్దని దేశమంతా హెచ్చరిక పంపారు. చూపు పోతున్న బీదవాడికి వేరే దారి లేదని నేత్రవైద్యులు మొత్తుకున్నారు, మార్చికల్లా హెచ్చరిక వెనక్కి వెళ్లింది. వాళ్లన్నది నిజం. ఇది గుగ్గిళ్ల కోవకే వస్తుంది. కానీ ఒక సీసాను ముక్కలుగా పంచి సిరంజిల్లో నింపేటప్పుడు క్రిమి చేరే ముప్పు, సీసా అసలుదేనా అన్న అనుమానం రోగికి చెప్పవలసిన సంగతులే. బీదవాడు కాబట్టి చెప్పకపోయినా ఫర్వాలేదన్నది ధర్మం కాదు. అతడికి ఇంకా ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమత అతడికి లేదు.

కరోనా కాలంలో దేశం మొత్తం ఆఫ్‌లేబుల్ వార్డు అయిపోయింది. 2020 మార్చిలో ఐసీఎంఆర్ ఆరోగ్య సిబ్బందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ సూచించింది. ఆ జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష అది ఆసుపత్రి రోగులకు పనిచేయదని తేల్చింది. అదే నెలలో అదే పరీక్ష, చవకైన స్టిరాయిడ్ డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని చూపింది. రెండూ పాత మందులే, రెండింటినీ ఆశతోనే మొదలుపెట్టారు. ఏది అమృతమో, ఏది వట్టి నీళ్లో చెప్పింది ఆశ కాదు, లెక్క. ఆ తర్వాత అదే స్టిరాయిడ్‌ను ఆక్సిజన్ అవసరం లేనివాళ్లు కూడా ఇళ్లలో వేసుకున్నారు. 2021 వేసవిలో మ్యూకార్మైకోసిస్ అనే ఫంగస్ జబ్బు ముంచెత్తినప్పుడు అదుపులేని మధుమేహంతో పాటు ఈ విచ్చలవిడి స్టిరాయిడ్లనూ నిపుణులు కారణంగా చూపారు.

కెనడాలోని క్విబెక్‌లో 46 వేల మంది రోగుల చీటీలను చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. గట్టి ఆధారం ఉన్న ఆఫ్‌లేబుల్ మందులతో దుష్ఫలితాలు లేబుల్ లోపలి మందుల కంటే చెప్పుకోదగినంత ఎక్కువగా లేవు. ఆధారం లేనివాటితో సగానికి పైగా, 54 శాతం ఎక్కువ. ఉషస్తి ఋత్విక్కులను ఎందుకు ఆపాడో ఈ ఒక్క అంకె చెబుతుంది.

డాక్టర్లకు ఒక విన్నపం. లేబుల్ దాటి రాసిన ప్రతిసారీ మూడు ముక్కలు నోటితో చెప్పండి, కేస్‌షీటులో రాయండి: ఈ మందుకు ఈ జబ్బుకు అనుమతి లేదు, అయినా ఈ ఆధారంతో ఇస్తున్నాను, వేరే దారులు ఇవీ. రోగి భాషలో చెప్పండి. లక్ష్మీ నగర్‌లో అది హిందీ కావచ్చు, గుంటూరు కుర్రాడికి తెలుగులో వాళ్లమ్మకు ఫోన్ కలిపి చెప్పడం కావచ్చు. అది మీకు కోర్టులో రక్షణ కూడా, కానీ అందుకని చేయకండి. గుగ్గిళ్లు తినబోయేది ఆయన కాబట్టి చేయండి.

చదువుతున్న మీకూ ఒక మాట. చీటీ చేతికి వచ్చాక, ఈ మందు అసలు దేనికి అనుమతి పొందింది డాక్టర్‌గారూ అని అడగండి. అడిగితే కోపగించుకునే డాక్టర్లున్నట్టే, ఆగి చెప్పే డాక్టర్లూ ఈ దేశంలో చాలామంది ఉన్నారు. మీకు ఉబ్బసమో, గర్భమో, మరో మందో ఉంటే ఆయన అడగకముందే చెప్పండి. మందు వికటిస్తే ఫిర్యాదు చేయడానికి లక్ష్మీ నగర్‌కు తూర్పున ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ నడిపే ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-180-3024. డాక్టర్లే కానక్కర్లేదు, రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.